జర్మనీలో కొత్త కాపురం

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఆ మాట అన్న మహానుభావుడెవరో గాని, జర్మనీ దేశంలో ఇల్లు అద్దెకు తీసుకునే పని ఆయన నెత్తిన పడి ఉండదు. పడి ఉంటే ఆ సామెతకు మూడో ముక్క కూడా చేర్చి ఉండేవాడు.

విదేశాలకు వెళ్ళివచ్చినవారు అక్కడి మేడలు, మ్యూజియములు, మంచుకొండలు గురించి వ్రాస్తూనే ఉంటారు. మన పిల్లలు ఇప్పుడు చదువులకనీ, ఉద్యోగాలకనీ ఏటేటా జర్మనీకి పోతున్నారు. వాళ్ళ తల్లిదండ్రులకు అక్కడి మేడల కబుర్లకన్నా "మావాడు ఎక్కడ ఉంటాడు? ఏం వండుకుంటాడు?" అన్న బెంగే ఎక్కువ. అందుచేత మేము అక్కడ ఇల్లు వెదుక్కుని, కాపురం పెట్టుకున్న వైనం ఉన్నదున్నట్టు చెప్పుదామని ఈ వ్యాసం మొదలుపెట్టాను.

మావారు మోటారు కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజనీరు. 2023 లో ఆయన్ని దక్షిణ జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరానికి పనిమీద పంపించారు. నేను రాజమహేంద్రవరంలో ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని. జీతం లేని సెలవు పెట్టి, అయిదో తరగతి పూర్తిచేసిన మా అమ్మాయిని వెంటబెట్టుకుని ఆయనతో బయలుదేరాను. జూన్ మొదటి తేదీన అక్కడ దిగాం. కంపెనీవారు మూడు నెలలపాటు ఉండడానికి సామానుతో సహా ఒక చిన్న బస ఏర్పాటు చేశారు. ఆగస్టు 31 తో దాని గడువు తీరుతుంది. ఆ తరువాత దాన్ని వేరే వారికి ఇచ్చేశారు. సెప్టెంబరు మధ్యలో బళ్ళు తెరుస్తారు. ఇల్లు ఏ పేటలో దొరికితే అమ్మాయిని ఆ దగ్గరి బడిలో వేయాలి గనక, ఇల్లు తేలేదాకా బడి తేలదు.

"మూడు నెలల వ్యవధి ఉందిగా! మూడు వారాల్లో చూసేస్తాను" అన్నారు మావారు. ఇద్దరం నవ్వుకున్నాం కూడాను.

సగం దేశం అద్దెకే

మన దేశంలో నాలుగు రాళ్ళు వెనకేసుకోగానే ఎవరైనా చేసే మొదటి పని సొంత ఇల్లు కట్టుకోవడం. జర్మనీలో అలా కాదు. అక్కడి జనంలో సగానికి పైగా అద్దె ఇళ్ళలోనే ఉంటారు. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవారు, డాక్టర్లు, ప్రొఫెసర్లు కూడా జీవితమంతా అద్దె ఇంట్లో వెళ్ళబుచ్చడం అక్కడ వింత కాదు, నామోషీ అంతకన్నా కాదు.

దీనికి కారణం వారి చరిత్రలో ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబుల దెబ్బకు జర్మన్ పట్టణాలు నేలమట్టమైనాయి. యుద్ధం ముగిశాక తూర్పు ప్రాంతాల నుంచి కోటికి పైగా కాందిశీకులు వచ్చి పడ్డారు. ఉన్నవారికే గూడు లేదు, వచ్చినవారిని ఎక్కడ పెట్టేది? 1950 లో పశ్చిమ జర్మనీ ప్రభుత్వం గృహనిర్మాణానికి ఒక చట్టం చేసి, ప్రభుత్వ సహాయంతో లక్షల సంఖ్యలో అద్దె ఇళ్ళు కట్టించింది. అద్దెకుండేవారికి చట్టం గట్టి రక్ష కల్పించింది. అలా అద్దె కాపురం ఆ దేశంలో స్థిరపడిపోయింది.

అసలు ఈ ఆలోచనకు అక్కడ ఇంకా పాత మూలమే ఉన్నది. స్టుట్‌గార్ట్ నుంచి రైలులో రెండు గంటల లోపే ఔగ్స్‌బుర్గ్ అనే ఊరు చేరవచ్చు. అక్కడ యాకోబ్ ఫుగ్గర్ అనే కోటీశ్వరుడు బీదవారి కోసం 1521 లో ఒక పేట నెలకొల్పాడు. పేరు ఫుగ్గెరై. ఆ ఊరి నిరుపేద కాథలిక్కులు ఈనాటికీ అందులో కాపురం ఉంటున్నారు. అద్దె ఎంతో తెలుసా? అప్పట్లో ఏడాదికి ఒక రైన్ గిల్డరు. దాన్నే లెక్కగట్టి ఇప్పటికీ ఏడాదికి 88 సెంట్లు, అంటే ఒక్క యూరో అయినా కాదు, పుచ్చుకుంటున్నారు. దానితోపాటు దాత కుటుంబం కోసం రోజూ మూడు ప్రార్థనలు చేయాలి. ఆ చిన్న చిన్న వాకిళ్ళముందు నిలబడి, "మనకూ ఒకటి ఇస్తే బాగుండును" అన్నది మా అమ్మాయి.

కొత్తగా వచ్చినవారికి ఇల్లు దొరకకపోవడానికి కారణం కూడా ఈ రక్షణలోనే ఉంది. ఒకసారి ఇంట్లో చేరినవాడు కదలడు. పాతవాడు కట్టే అద్దె తక్కువ, కొత్త ఇంటి అద్దె ఎక్కువ. ఇక కదలడం ఎందుకు? పైగా స్టుట్‌గార్ట్ నగరం చుట్టూ కొండలు, ద్రాక్షతోటలు. మధ్యన గిన్నె అడుగున పోసినట్టు ఊరు. పెరుగుదామంటే చోటు లేదు. పనులకోసం వచ్చే జనం మాత్రం ఆగరు.

చలి అద్దె, వేడి అద్దె

మొదట ప్రకటనలు చదవడం నేర్చుకోవలసి వచ్చింది. మన "మూడు గదుల ఇల్లు" వేరు, వారి మూడు గదులు వేరు. వారు వంటగదినీ, స్నానాల గదినీ లెక్కలోకి తీసుకోరు. మూడు గదులంటే ఒక హాలు, రెండు పడకగదులు అన్నమాట. విస్తీర్ణం చదరపు మీటర్లలో చెబుతారు. 72 చదరపు మీటర్లంటే మన లెక్కన సుమారు 775 చదరపు అడుగులు.

తరువాత అద్దెల సంగతి. అద్దెలో "చలి అద్దె" అనీ, "వేడి అద్దె" అనీ రెండు రకాలు. ఇదేదో కాలాన్నిబట్టి మారుతుంది కాబోలునని మా అమ్మాయి అనుకున్నది. వట్టి ఇంటికి ఇచ్చేది చలి అద్దె, వారి భాషలో "కాల్ట్‌మీటె". దానికి ఇల్లు వెచ్చబెట్టే ఖర్చు, నీళ్ళు, చెత్త ఎత్తుబడి, భవనం బీమా మొదలైనవి కలిపితే వేడి అద్దె, "వార్మ్‌మీటె". కరెంటు, ఇంటర్నెట్టు సాధారణంగా వీటిలో చేరవు. ఈ అదనపు ఖర్చులకు నెలనెలా ఒక అంచనా మొత్తం కడతాం. ఏడాది చివర అసలు లెక్క కట్టి, ఎక్కువైతే మనకు తిరిగి ఇస్తారు, తక్కువైతే వసూలు చేస్తారు. శీతకాలంలో కిటికీలు తెరిచి, హీటర్లు వేసుకుని కూర్చున్న కుటుంబాలకు ఈ లెక్క వచ్చిన రోజున వేసవిలో కూడా చలి పుడుతుంది.

ఇంటి దళారీ రుసుము మాట మాత్రం ముందే తెలుసుకోవడం మంచిది. 2015 జూన్ నుంచి అక్కడి చట్టం ప్రకారం అద్దె ఇళ్ళకు దళారీని పెట్టుకున్నవారే రుసుము ఇచ్చుకోవాలి. ఇంటివారు పెట్టుకున్న దళారీకి మనం పైసా ఇవ్వనక్కరలేదు.

మేమే పెళ్ళికూతుళ్ళం

జర్మనీలో ఇల్లు చూడడానికి వెళ్ళడమంటే నిజానికి మనల్ని చూపించుకోవడానికి వెళ్ళడం. జాతకం వంటిది ఒక దస్త్రం వెంట తీసుకుపోవాలి. అందులో పాస్‌పోర్టు నకలు, ఉద్యోగపు ఒడంబడిక, చివరి మూడు నెలల జీతం చీటీలు, పాత ఇంటివారికి బాకీ లేమన్న పత్రం, మన స్వవిషయాలు నింపిన ఫారం ఉంటాయి. వీటన్నిటిమీదా కలికితురాయి "షూఫా" పత్రం.

షూఫా అన్నది 1927 లో బెర్లినులో పుట్టిన సంస్థ. ఎవరు అప్పు సక్రమంగా తీరుస్తున్నారు, ఎవరు ఎగవేస్తున్నారు అన్న చిట్టా దాని దగ్గర ఉంటుంది. ఆ చిట్టాలో మన పేరు శుభ్రంగా ఉంటే ఇంటివారికి ధైర్యం. కాని నిన్న మొన్న విమానం దిగినవాడికి చిట్టా ఎక్కడిది? మంచివాడని చెప్పడానికీ ఆధారం లేదు, చెడ్డవాడని చెప్పడానికీ ఆధారం లేదు. మావారు దాని బదులు కంపెనీ వారిచేత ఒక ఉత్తరం వ్రాయించుకున్నారు.

జూన్, జూలై నెలల్లో నలభైకి పైగా ఇళ్ళకు ఉత్తరాలు పెట్టాం. వాటిలో చూడడానికి రమ్మన్నవి తొమ్మిది. ఒకచోట మెట్లమీద నుంచి వీధి మలుపుదాకా వరుస. చంకలో దస్త్రం పట్టుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, మొహాన చిరునవ్వు పులుముకుని యాభైమంది దాకా నిలబడి ఉన్నారు. లోపల ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. పిల్ల పాడగలదా, కుట్టుపని వచ్చునా అని అడిగినట్టు, సంగీత వాయిద్యాలు ఉన్నాయా, కుక్కలున్నాయా, పొగతాగుతారా అని ప్రశ్నలు. బయటికి వచ్చి, "ఏమండీ, మనం నచ్చామంటారా?" అన్నాను. ఆయన మాట్లాడలేదు.

మోసాలు కూడా లేకపోలేదు. నగరం నడిబొడ్డున చక్కని ఇల్లు, సగం అద్దె. ఇంటి యజమాని ఎక్కడో పరదేశంలో ఉన్నాడట, డబ్బు పంపితే తాళంచెవి తపాలాలో పంపుతాడట! ఇల్లు కంటితో చూడకుండా, ఒడంబడిక చేతికి రాకుండా పైసా పంపకూడదని అక్కడి పాతకాపులు మాకు మొదటిరోజే చెప్పారు. మన పిల్లలందరికీ ఇది చెప్పి పంపడం మంచిది.

ఒక టెలిఫోను పిలుపు

జూలై ఆఖరు వారంలో ఒక మంచి ఇల్లు ప్రకటనలో కనిపించింది. మావారు టెలిఫోను చేశారు. ఆయనకు వచ్చిన జర్మనులో పేరు చెప్పి, ఇల్లు చూడడానికి ఎప్పుడు రమ్మంటారని అడిగారు. అవతలి వ్యక్తి పేరు మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పారు. "ఇల్లు ఇచ్చేశాం" అని పెట్టేశాడు.

ఆ సాయంత్రం ఈ సంగతి విన్న ఆఫీసులోని జర్మన్ మిత్రుడు ఒకాయన ఊరుకోలేదు. ఆ నంబరుకే తానూ ఫోను చేసి, తన పేరు చెప్పి, ఇల్లు ఖాళీగా ఉన్నదా అని అడిగాడు. "శనివారం పది గంటలకు వచ్చి చూడండి" అని జవాబు వచ్చింది.

పుట్టిన జాతిని బట్టి మనిషిని వేరుచేసి చూడడం తప్పని జర్మనీలో 2006 నుంచి ప్రత్యేకంగా చట్టం ఉన్నది. ఇళ్ళ అద్దెలకూ అది చెల్లుతుంది. ఫిర్యాదు చేయమని ఆ మిత్రుడు ఎంతో చెప్పాడు. మావారు ససేమిరా అన్నారు. "కోర్టుకు పోతే న్యాయం దొరుకుతుందేమో. ఇల్లు దొరకదుగా!" అన్నారు. ఆ రాత్రి ఆయన అన్నం సరిగా తినలేదు. ఇరవై ఏళ్ళు ఇంజనీరుగా పనిచేసి, పదిమందిచేత గౌరవం పొందిన మనిషి తన పేరు తానే పైకి చెప్పుకుని చిన్నబుచ్చుకోవలసిరావడం నేను చూడలేకపోయాను. అప్పటికి గడువు ఇంకా నెల రోజులే ఉన్నది.

తలుపు తెరిచిన ఇల్లు

చివరకు ప్రకటనవల్ల కాక, నోటిమాటవల్ల ఇల్లు దొరికింది. ఆ మిత్రుడి దూరపు బంధువు ఒక వృద్ధురాలికి బాడ్ కాన్‌ష్టాట్ పేటలో నాలుగు వాటాల ఇల్లు ఉన్నది. ఊట నీళ్ళకు పేరుపడిన పేట అది. మోటారు కారు పితామహుల్లో ఒకడైన గాట్‌లీబ్ డైమ్లర్ తన తోట ఇంట్లో ఇంజను ప్రయోగాలు చేసినదీ ఆ పేటలోనే. కింది వాటాలో ఆవిడ ఉంటున్నది. రెండో అంతస్తులో వాటా ఖాళీ అవుతున్నది.

ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. రాత్రి పది దాటాక చప్పుడు చేస్తారా అని అడిగింది. చేయమన్నాం. మెట్లు కడగడం వంతు వస్తే కడుగుతారా అన్నది. కడుగుతామన్నాం. తరువాత కొంచెం తటపటాయించి, "మీరు బాగా మసాలాలు వేసి వండుతారా?" అని అడిగింది. మావారు నావైపు చూశారు. వండమని అబద్ధమాడితే ఒప్పుకుంటుంది. కాని రోజూ దొంగచాటుగా పోపు పెట్టుకుంటూ ఎన్నాళ్ళు బ్రతుకుతాం? "రోజూ వండుతాం. ఆవాలు, ఇంగువ లేకుండా మా ఇంట్లో పొద్దు గడవదు. అయితే కిటికీ తెరిచి వండుతాం, వంటగది తలుపు వేసుకుంటాం" అన్నాను. మిత్రుడు దాన్ని జర్మనులో చెప్పాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, నవ్వింది. "ఈ ఇంట్లో పిల్లల అడుగుల చప్పుడు విని చాలా ఏళ్ళయింది" అని మా అమ్మాయి వైపు చూసింది.

ఒడంబడిక పదిహేడు పుటలు! మనకు పదకొండు నెలల అగ్రిమెంటు అలవాటు. అక్కడ మామూలు ఒడంబడికకు గడువే ఉండదు. మనం ఖాళీ చేయాలంటే మూడు నెలల ముందు వ్రాతమూలకంగా చెప్పాలి. ఇంటివారు ఊరికే పొమ్మనడానికి వీల్లేదు. తామే కాపురం ఉండాలనో, మనం అద్దె ఎగవేశామనో చట్టం ఒప్పుకునే కారణం చూపాలి. అయిదేళ్ళు ఉన్నవారికి ఆరు నెలలు, ఎనిమిదేళ్ళు ఉన్నవారికి తొమ్మిది నెలలు గడువు ఇవ్వాలి. అద్దె పెంచాలన్నా ఇష్టారాజ్యం కాదు. ఏ పేటలో ఎటువంటి ఇంటికి ఎంత అద్దె అన్న పట్టిక చాలా నగరాల్లో ఉంటుంది. దాని పేరు "మీట్‌ష్పీగెల్". అద్దెల అద్దం అని అర్థం. ఆ అద్దంలో కనబడేదాకానే పెంచాలి, అదికూడా మూడేళ్ళలో 20 శాతం మించకూడదు. ఇళ్ళ కొరత ఉన్న ఊళ్ళలో 15 శాతమే.

ధరావతు మూడు నెలల చలి అద్దెకు మించి అడగరాదు. దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు అద్దెకున్నవారికి ఉంది. ఇంటివారు ఆ సొమ్మును తమ డబ్బులో కలుపుకోకుండా విడిగా బ్యాంకులో ఉంచాలి, వడ్డీ కూడా మనదే. ఇంట్లో అడుగుపెట్టిన రోజున గోడమీద గీతలు, నేలమీద మరకలు, మీటరు అంకెలు, తాళంచెవుల సంఖ్య అన్నీ ఒక కాగితం మీద వ్రాసి ఇద్దరూ సంతకాలు చేస్తారు. ఈ కాగితం ప్రాణంతో సమానం. వెళ్ళేరోజున "ఈ గీత నీదా, నాదా" అన్న తగవు రాకుండా కాపాడేది అదే.

వంటిల్లు లేని ఇల్లు

ఆగస్టు 26 న తాళంచెవి చేతికి వచ్చింది. వంటగదిలోకి వెళ్ళి చూద్దును గదా, నాలుగు గోడలు, ఒక నీళ్ళ గొట్టం, గోడలోంచి పొడుచుకొచ్చిన కరెంటు తీగలు! పొయ్యి లేదు, తొట్టి లేదు, బీరువాలు లేవు. జర్మనీలో చాలాచోట్ల ఇల్లు ఖాళీ చేసేవారు వంటింటిని కూడా ఊడదీసి పట్టుకుపోతారు. కొన్నిచోట్ల దీపాలు సైతం ఉండవు. ఇంటి కప్పు నుంచి తీగలు వేలాడుతుంటాయి. మొదటి రోజున చీకటిపడకముందే కనీసం ఒక బల్బు అయినా కొనుక్కుని వెళ్ళాలని అందుకే అంటారు.

పక్క పేటలో ఒకరు వాడిన వంటింటి సామాను అమ్ముతున్నారంటే చౌకగా కొన్నాం. అక్కడ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ముగ్గురు తెలుగు కుర్రాళ్ళు వచ్చి, "అక్కయ్యా, మీరు అన్నం సంగతి చూడండి" అంటూ రెండు రోజుల్లో బీరువాలు బిగించేశారు. విద్యుత్తు పొయ్యి తీగలు కలపడానికి మాత్రం లైసెన్సు ఉన్న పనివాడే రావాలి. ఆయన వచ్చి వెళ్ళాక పాలు పొంగించాం. గదుల్లో పొగ పసిగట్టే గంటలు ఉంటాయి గనక సాంబ్రాణి జోలికి పోకుండా ఒక్క అగరువత్తితో సరిపెట్టాం. ఆ పూట పప్పు, చారు, అప్పడాలు. కుర్రాళ్ళలో ఒకడు చారన్నం కలుపుకుని, తలవంచుకుని చాలాసేపు మాట్లాడలేదు. ఇల్లు వదిలి పదమూడు నెలలయిందట.

గుమ్మం మీద ఇంటిపేరు

ఇంట్లో దిగగానే చేయవలసిన మొదటి పని పేరు అతికించడం. జర్మనీలో ఇన్నో నంబరు ఫ్లాటు అని సాధారణంగా ఉండదు. వీధి, ఇంటి నంబరు, అంతే. తపాలా పెట్టెమీద, గంట మీటమీద మన ఇంటిపేరు లేకపోతే ఉత్తరం వచ్చిన దారినే పోతుంది. తెలుగు పాఠాలు చెప్పే నాకు ఇది భలే వినోదంగా తోచింది. ఇంటిపేరును ఇనీషియలుగా కుదించి మరుగున పెట్టే జాతి మనది. ఆ ఒక్క అక్షరానికి ఇక్కడ మళ్ళీ ప్రాణం వచ్చి, నిజంగానే ఇంటి గుమ్మం ఎక్కింది. సర్టిఫికెట్లలో నాకు పుట్టింటి పేరే ఉన్నది. అందుచేత ఆ చిన్న రేకుమీద రెండు ఇంటిపేర్లూ పట్టించేసరికి మావారికి తలప్రాణం తోకకు వచ్చింది.

రెండో పని నగర కార్యాలయంలో నమోదు. కొత్త ఇంట్లో దిగిన రెండు వారాలలోగా వెళ్ళి చిరునామా వ్రాయించుకోవాలి. దీన్ని "ఆన్‌మెల్డుంగ్" అంటారు. వీరు మా ఇంట్లో చేరారని ఇంటివారు సంతకం చేసిన పత్రం తప్పనిసరి. మొదటిసారి నమోదైన కొద్ది వారాలకు పన్ను సంఖ్య తపాలాలో వస్తుంది. బ్యాంకు ఖాతా, బీమా, బడి, అన్నిటికీ చిరునామాయే వేరు. దాని వెనకాలే రేడియో టెలివిజను రుసుము చీటీ కూడా వస్తుంది. ఇంట్లో టెలివిజను ఉన్నా లేకపోయినా ప్రతి ఇంటికీ ఇది తప్పదు. 2021 ఆగస్టు నుంచి దీన్ని నెలకు 18 యూరోల 36 సెంట్లుగా నిర్ణయించారు.

గాలి, చీపురు, ఆదివారం

జర్మనీ వాళ్ళకు గాలి అంటే ఒక శాస్త్రం. గోడలు దట్టం, కిటికీలు బిగువు. వంట ఆవిరి, ఆరేసిన బట్టల తడి లోపలే నిలిచిపోతే గోడలకు బూజు పడుతుంది. ఆ మరమ్మతు ఎవరి నెత్తిన అన్నది ఇంటివారికీ అద్దెకున్నవారికీ నిత్యం తగవు. కనుక గడ్డకట్టే చలిలో కూడా రోజుకు రెండు మూడుసార్లు హీటరు ఆపి, కిటికీలు బార్లా తెరిచి, అయిదు పది నిమిషాలు గాలి ఆడనిచ్చి మూయాలి. కిటికీ కొంచెం వంచి గంటలకొద్దీ వదిలేస్తే గోడ చల్లబడుతుంది, ఖర్చూ పెరుగుతుంది. ఈ రహస్యం మా ఇంటావిడే స్వయంగా వచ్చి నేర్పింది.

స్టుట్‌గార్ట్ ప్రాంతపు ప్రత్యేకత "కేర్‌వోఖె". అంటే ఊడ్పు వారం. వారి వీధి శుభ్రతా శాసనాల మూలాలు పదిహేనో శతాబ్ది చివరనాటివి. ఎవరి వంతు వస్తే వారి తలుపుకు ఒక పలక తగిలిస్తారు. ఆ వారం మన అంతస్తు మెట్లు ఊడ్చి తుడవాలి. పెద్ద వంతు వస్తే గుమ్మం, నేలమాళిగ మెట్లు, కాలిబాట, శీతకాలంలో మంచుతో సహా మనమే చూడాలి. తెల్లవారుజామునే లేచి వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లే ఇంట్లో పుట్టినదాన్ని, నాకు ఇది కష్టమనిపించలేదు. మొదటి వంతు పూర్తిచేశాక కింది గుమ్మం పక్కన సుద్దతో చిన్న ముగ్గు వేశాను. ఇంటావిడ కళ్ళజోడు పెట్టుకుని వచ్చి చూసి, దాన్ని తుడపవద్దని అందరికీ చెప్పింది.

ఆదివారం దుకాణాలు మూత. ఆ రోజున గోడకు మేకు కొట్టరాదు, రంపం పట్టరాదు. గాజు సీసాలు వీధి పెట్టెలో పడవేయడం కూడా నిషిద్ధం, చప్పుడవుతుందని. చెత్తలో కాగితం వేరు, ప్యాకింగు వేరు, కూరగాయల తొక్కు వేరు, మిగిలింది వేరు. గాజులో తెలుపు, గోధుమ, ఆకుపచ్చ మళ్ళీ వేరు. చాలా రకాల నీళ్ళ సీసాలకు, డబ్బాలకు 25 సెంట్ల ధరావతు ఉంటుంది. ఖాళీ సీసా దుకాణంలో ఇస్తే డబ్బు తిరిగి ఇస్తారు. ఈ శాఖలో మా అమ్మాయే కోశాధికారి.

మనసు కుదురుకోవడం

అమ్మాయికి బడిలో సీటు దొరికింది. జర్మను రాని పిల్లలకు మొదట భాష నేర్పే సన్నాహక తరగతి ఉంటుంది. అందులో వేశారు. మొదటి నెలంతా ఇంటికి రాగానే దిండులో తలపెట్టుకుని ఏడ్చేది. నేనూ ఒక భాషా తరగతిలో చేరాను. ఇరవై ఏళ్ళు బల్లకు అటు నిలబడి సంధులు, సమాసాలు చెప్పినదాన్ని, ఇటు కూర్చుని మూడు లింగాల మధ్య నలిగిపోయాను. బల్ల పుంలింగం, దీపం స్త్రీలింగం, అమ్మాయి నపుంసకలింగం! మనకు ఈ భాషతో చుట్టరికం కొత్తది కాదులెండి. 1814 లో ఈ స్టుట్‌గార్ట్‌లో పుట్టిన హెర్మన్ గుండర్ట్ కేరళకు వెళ్ళి మలయాళ నిఘంటువు కూర్చాడు. అంతకుముందే బెంజమిన్ షుల్ట్జ్ అనే జర్మన్ మతప్రచారకుడు హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. అంతదూరం వచ్చి వారు మన భాషలు నేర్చుకోగా లేనిది, నేను ఈ మూడు లింగాలకు జంకడమా అని ధైర్యం తెచ్చుకున్నాను.

నవంబరులో ఒక సాయంత్రం కింది వాటా గంట మోగించి, పళ్ళెంతో పులిహోర ఇచ్చాను. మర్నాడు కడిగిన పళ్ళెంలో తోట ఆపిల్ పళ్ళు వచ్చాయి. క్రిస్మసుకు "గూట్స్లె" అనే చిన్న బిస్కత్తులు వచ్చాయి. ఆపైన లెక్క పెట్టుకోలేదు. మా అమ్మాయి ఆవిడను "ఓమా" అని పిలవడం మొదలుపెట్టింది. అమ్మమ్మ అని అర్థం.

ఇవన్నీ చెప్పినా, జూలైలో వచ్చిన ఆ టెలిఫోను జవాబు మాత్రం నా మనసులోంచి పోలేదు. కాని దాన్ని తలచుకున్నప్పుడల్లా మన ఊళ్ళలోని "ఇల్లు అద్దెకివ్వబడును" బోర్డులు కళ్ళముందు మెదులుతాయి. ఆ బోర్డు చూసి గేటు తట్టిన కుర్రాడిని "మీరెవరండీ?" అని అడుగుతారు. పేరు చెబితే "అది కాదు, మీరెవరు?" అంటారు. ఏం తింటారో అడుగుతారు. ఇంటిపేరు రెండుసార్లు చెప్పించుకుంటారు. తరువాత "ఇల్లు ఇచ్చేశామండీ" అంటారు. ఆ కుర్రాడు కూడా ఇంటికి వెళ్ళి అన్నం సరిగా తినడు. పరాయిదేశంలో మన పిల్లల పేరు విని తలుపు మూసేవాడిమీద మనకు కోపం రావడం న్యాయమే. ఆ కోపం న్యాయమైతే మన గేటు దగ్గర కూడా అదే న్యాయం ఉండాలి కదా!

జర్మనీకి పోయే పిల్లల తల్లిదండ్రులకు ఒక్క మాట. ఊరగాయ సీసాలతో పాటు ఒరిజినల్ కాగితాలు, వాటి నకళ్ళు కట్టగా పెట్టి పంపండి. చలి మొదలుకాక ముందే వెళ్ళి ఇల్లు వెదుక్కోమనండి. ప్రకటనలతో పాటు తెలిసినవాళ్ళందరి చెవినా ఆ మాట వేయమనండి. నాలుగు జర్మను మాటలు ఇక్కడే నేర్పించండి. ఏం వండుకుంటారని ఎవరైనా అడిగితే, ఉన్నమాట చెప్పమనండి.